టోపీ కింద మసక

"యూ-బిన్‌ని పట్టుకురా. రానంటే..."

డైరెక్టర్ మేంగ్ సంగ్-మో మాట మధ్యలో ఆపి, కోటు జేబులోంచి వెండి డబ్బీ తీశాడు. నాలుగు ఉన్‌దాన్ గింజలు అరచేతిలోకి దులుపుకుని నోట్లో వేసుకున్నాడు. ఆవగింజలంత వెండి గోళీలు. దగ్గుకి మందు, నోటివాసనకి మందు, పెద్దరికానికి అలంకారం. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఆ డబ్బీలోంచి ఒక్క గింజ ఎవరికైనా పెట్టగా ఏజెంట్ పియో చూడలేదు. పిసినారితనంలో ఆయన్ని మించినవాడు బుసాన్‌లో లేడు.

"రానంటే?" అడిగాడు పియో.

"తేవద్దు."

ఆ మాటకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

కింద అంగట్లో చేపవడలు వేగుతున్న వాసన పైదాకా వస్తోంది. గూఢచారి డిపార్ట్‌మెంట్ గది తలుపు మీద పైకి 'సముద్రపు నాచు ఎగుమతిదారులు' అని బోర్డు. లోపల ఎగుమతయ్యేవి రహస్యాలు, అదీ మన ప్రమేయం లేకుండా. వారం కిందట చాంగ్‌వన్ లేబొరేటరీ నుంచి గోరంత చిప్ ఒకటి మాయమైంది. చీకట్లో చూడగల కెమెరా కన్ను. క్షిపణి మూతికి దాన్ని తగిలిస్తే, అమావాస్య రాత్రి కూడా మన నౌకని వెతుక్కుంటూ వస్తుంది.

"తీసుకుపోతున్నది కొంగ ముఠా," అన్నాడు మేంగ్. "విదేశీ డబ్బు, విదేశీ బుర్ర. ఇక్కడ వాళ్ళ కొరియర్ బేక్. యాభై నాలుగేళ్ళవాడు, ఆరు వేషాల మనిషి. చిప్ ఇంకా వాడి చేతికి అందలేదు. ఇచ్చేవాడు మన ఇంటివాడే. నిన్న పొద్దుగూకే వేళ ఇద్దరూ కలిశారు. చూడు."

తెర వెలిగింది.

పైనుంచి డ్రోన్ తీసిన వీడియో. అలలకి అడ్డంగా పోసిన కాంక్రీటు దిమ్మల మీద ఇద్దరు కూర్చున్నారు. మధ్యలో సోజు సారా సీసా. ఎండ ఏటవాలుగా పడుతోంది, నీడలు పొడుగ్గా సాగాయి. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి, అతుక్కుని, మళ్ళీ విరుగుతోంది. నల్లటోపీ పెట్టుకున్నవాడు సీసా ఎత్తి పోశాడు, తన గ్లాసు ఎత్తి గటుక్కున ఖాళీ చేశాడు. రెండోవాడు గ్లాసు నోటిదగ్గర పెట్టుకుని సముద్రం వైపు తిరిగాడు.

"ఆ తిరిగినవాడు బేక్. ఎవరైనా వస్తున్నారేమోనని కాపలా చూస్తున్నాడు," అన్నాడు మేంగ్. "టోపీవాడి సంగతి చూడు."

మీట నొక్కాడు. మసక పోయింది. టోపీ అంచు కింద ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా తేలింది. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా.

తాక్ యూ-బిన్.

పియో ఏరికోరి డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చినవాడు. ఇంచాన్ రేవులో తొడలో తూటా దిగితే, పియోని వీపున వేసుకుని మంచులో ఊరు దాటించినవాడు. 'అన్నా, బరువు పెరిగారు, తిండి తగ్గించండి' అని దారంతా సతాయించి నిద్రపోనివ్వకుండా బతికించినవాడు.

"ఇంత మసకలోంచి పుట్టుమచ్చ దాకా ఎలా వచ్చింది సార్?"

"కొత్త సాఫ్ట్‌వేర్. మసకని కడిగేస్తుంది." మేంగ్ డబ్బీ మూత టక్కున మూశాడు. "ఆరింటికి తేబ్యోన్ రేవులో పోటు తిరుగుతుంది. ఆ వేళకి చేపల బోటొకటి బయల్దేరుతుంది. చిప్ అందులోనే. రేవులో నేనుంటాను. ఈలోగా నీ తమ్ముడి సంగతి నువ్వు చూడు. నీకే ఎందుకు అప్పగిస్తున్నానో తెలుసుగా?"

"తెలీదు సార్."

"నువ్వైతే వాడు దగ్గరకి రానిస్తాడు."

*

డ్రోన్ ఎగరేసింది ఛే-రిన్. కొంగ ముఠాకి ఆమె తమ మనిషి. డిపార్ట్‌మెంట్‌కీ తమ మనిషే. ఇద్దరిలో ఎవరు మోసపోతున్నారో పియోకి ఈనాటికీ తేలలేదు. హేఉండే బీచ్ ఎదురుగా హోటల్ లౌంజ్‌లో, ముత్యాల రంగు గౌనులో, నల్ల కళ్ళద్దాలతో కూర్చుని ఉంది. అద్దాల లోపలివైపు చిన్న తెరలు. వెనకనున్న తలుపు వాటిలో కనిపిస్తుంది. పియో అడుగుపెట్టగానే తల తిప్పకుండానే నవ్వింది.

"ఈ చేపలో ముళ్ళున్నాయా?" అడిగాడు పియో, సంకేతం ప్రకారం.

"తినేవాడికి తెలుస్తుంది," అంది ఆమె. "కూర్చోండి పియో గారూ. ముఖం అలా వేలాడేశారేం, ఎవర్నైనా చంపమన్నారా?"

"టోపీవాడి ముఖం నువ్వు చూశావా?"

"ముఖమా? ఏ ముఖం?" ఆమె కళ్ళద్దాలు తీసింది. "బేక్‌ని కార్లో దింపింది నేనే. రెండోవాడెవరో నాకు చెప్పలేదు. అందుకే డ్రోన్ లేపాను. దగ్గరకి దింపితే రొద వినిపిస్తుంది, ఎత్తునే ఉంచాను. వెలుగు చూస్తే సగం చచ్చింది, గాలి చూస్తే ఊపేస్తోంది. ఆ బుల్లి కెమెరాకి అంత దూరం నుంచి ముఖమంటే బియ్యపు గింజంత మచ్చ. టోపీ ఉందని చెప్పగలను. టోపీ కింద తల ఉందని కూడా ప్రమాణం చెయ్యలేను."

"డ్రోన్లో కార్డు ఉంటుందిగా? అందులో నయంగా ఉండాలే."

"ఉండేది. సీగల్ పక్షులు గూడు జోలికొచ్చిందనుకుని పొడిచి పొడిచి దాన్ని సముద్రంలో ముంచాయి. కార్డూ దాంతోనే పోయింది. గాలిలో అప్పటికప్పుడు మీ ఆఫీసుకీ నా ఫోన్‌కీ పంపిందే మిగిలింది. అది ఎంగిలి బొమ్మ. పట్టినంత పంపి, పట్టనిది పారేస్తుంది."

తన ఫోన్లో మిగిలిన నకలు చూపించింది. అదే దిమ్మలు, అదే సీసా, అవే గళ్ళు. టోపీ కింద బూడిదరంగు చుక్కలు నాలుగు. పుట్టుమచ్చ కాదు కదా, ముక్కు కూడా లేదు.

పియోకి ఒళ్ళు మండింది. ఎవరు అబద్ధం? ఈమె నకలుని పాడుచేసి చూపిస్తోందా? యూ-బిన్‌ని కాపాడడానికి ముఠా ఆడిస్తున్న ఆటా? లేక ఆఫీసులో...? ఆ మూడో ఆలోచనని ముందుకి రానివ్వలేదు. ఉప్పు తిన్న చోటు మరి.

"నన్ను అనుమానిస్తున్నారు. మంచిదే. మీ స్థానంలో నేనున్నా అదే పని చేస్తాను," అంది ఛే-రిన్ లేస్తూ. "సాయంత్రం ఆ బోటులో నేనుంటాను. నారింజరంగు వానకోటు. కాల్చేముందు కాస్త రంగు చూసుకోండి."

*

యూ-బిన్ ఎక్కడ దాక్కుంటాడో వెతకాల్సిన పనిలేదు. కష్టమొస్తే వాడికి ఆకలేస్తుంది. పొమిల్-దోంగ్ సందులో గుక్‌బాప్ హోటల్. పంది ఎముకల పులుసు పొద్దున్నుంచీ మరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక పియో లోపలికి వెళ్ళాడు. మూల బల్ల దగ్గర యూ-బిన్ గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. చెంచా ముట్టినట్టు లేదు.

పియో ఎదురుగా కూర్చున్నాడు. బల్ల కింద పిస్తోలు వాడి కడుపుకి గురిపెట్టాడు.

"తెలుసన్నా," అన్నాడు యూ-బిన్ నెమ్మదిగా. "పొద్దున నా కార్డుతో ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. అప్పుడే అర్థమైంది. మిమ్మల్నే పంపుతారని కూడా."

"పారిపోలేదేం?"

"ఎక్కడికి? పారిపోతే దొంగనైపోతాను. ఉంటే శవాన్నైపోతాను. ముందు భోంచేద్దామని వచ్చాను. ముద్ద దిగట్లేదు."

"నీ ముఖం వీడియోలో ఉంది, యూ-బిన్. పుట్టుమచ్చతో సహా."

యూ-బిన్ ఒక్క క్షణం తెల్లబోయి చూసి, ఏడవలేక నవ్వాడు. డిపార్ట్‌మెంట్‌లో బొమ్మలు పరీక్షించే పని వాడిదే. "అన్నా, ఆ సాఫ్ట్‌వేర్ మసకని కడగదు. మసక మీద ముఖం అతికిస్తుంది. లేనిదాన్ని ఊహించి కడుతుంది. ఎవరి ఫొటోలు దానికి మేపితే వాడి ముఖమే కక్కుతుంది. మీ ఫొటోలు మేపి ఉంటే టోపీ కింద మీరుండేవారు, ఆ బట్టతలతో సహా."

"దొంగైనా ఆ మాటే అంటాడు."

"అంటాడు," ఒప్పుకున్నాడు యూ-బిన్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరూ నమ్మకపోతే ఇంకేముందన్నా? కానిచ్చేయండి. బయటికి వెళ్దాం, ఇక్కడొద్దు. పిన్ని జడుసుకుంటుంది."

హోటల్ పిన్ని అప్పుడే వచ్చి సోజు సీసా ఠపీమని పెట్టింది. "ఏంట్రా, శవం ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు? పొద్దున్నుంచీ వీడు నా పులుసు ముట్టలేదు. ఉప్పెక్కువైందా? నోటితో చెప్పి ఏడవచ్చుగా!" అని కసిరి పోయింది.

పియో కుడిచేతిలో పిస్తోలు అలాగే ఉంచి, ఎడమచేత్తో వాడి గ్లాసులో పోశాడు. చివరిసారి కదా అనుకున్నాడు.

యూ-బిన్ గ్లాసుని రెండు చేతులతో అందుకున్నాడు. తల వంచాడు. తరవాత భుజం ఇటు పెట్టి, ముఖం గోడవైపు తిప్పుకుని, చేయి అడ్డం పెట్టుకుని తాగాడు.

పెద్దవాళ్ళ ఎదుట గ్లాసెత్తితే అలాగే తాగాలి. ఈ నేల మీద అది ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోరు. తండ్రి మొట్టికాయతో నేర్చుకుంటారు, చచ్చేదాకా మర్చిపోరు. కడుపుకి పిస్తోలు గురిపెట్టినవాడి ముందు కూడా యూ-బిన్ ఆ మర్యాద తప్పలేదు. తప్పాలని వాడికి తోచనే లేదు.

పియో చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఫోన్! ఫోన్ తియ్యి!" అంటూ తన ఫోనే తను తీశాడు. ఛే-రిన్ దగ్గర తీసుకున్న నకలు తెరిచాడు. "చూడు. ముఖాలొద్దు, నీడలు చూడు. మనుషులు చుక్కలంతే, గళ్ళలో కలిసిపోయారు. నీడలు పెద్దవి, నిలిచాయి. టోపీవాడి నీడ ఎదురుగా తలెత్తి గటగటా తాగింది. బేక్ నీడ చూడు!"

దిమ్మ మీద పొడుగాటి నీడ. రెండు చేతులు కలిశాయి. మోచెయ్యి పైకి లేచింది. తల అటు తిరిగింది. మూడుసార్లు పోస్తే మూడుసార్లూ అంతే.

"కాపలా కాదది," అన్నాడు యూ-బిన్. "మర్యాద!"

"బేక్‌కి యాభై నాలుగు. నీకు ముప్పై. నీ ముందు వాడు తల తిప్పుతాడా? నీ నెత్తిన మొట్టికాయ వేస్తాడు. టోపీవాడు బేక్ కన్నా పెద్దవాడు. మన ఆఫీసులో బేక్ కన్నా పెద్దవాడు..."

ఒక్క డైరెక్టరే. పియో పిస్తోలు జేబులో పెట్టుకున్నాడు. వీడియో నేరుగా ఆఫీసు తెర మీదికే వచ్చి పడితే, అందరూ చూసింది చెరపలేక, దాని మీద ఇంకొకడి ముఖం అతికించాడన్నమాట మహానుభావుడు. ఆ అతికించిన ముఖాన్ని చంపే పని పియోకే పురమాయించాడు.

"కోర్టులో నిలుస్తుందా అన్నా?"

"తల తిప్పాడు కాబట్టి పట్టుకున్నామంటే జడ్జి కుర్చీలోంచి పడి నవ్వుతాడు. చిప్ చేతులు మారుతుండగా పట్టుకోవాలి." పియో బేడీలు తీశాడు. "చేతులు చాపు. తాళం వెయ్యను. ముందు ఆ పులుసు తాగు, పిన్ని మనిద్దర్నీ చంపేస్తుంది."

*

తేబ్యోన్ రేవులో నెత్తళ్ళ కాలం. పడవల వాళ్ళు వరసగా నిలబడి, పాట అందుకుని, వలలు దులుపుతున్నారు. దులిపినప్పుడల్లా చేపలు గాల్లోకి ఎగిరి పడుతున్నాయి. వాళ్ళ రబ్బరు కోట్ల నిండా పొలుసులే. గట్టు మీద పట్టా పరిచి, పచ్చి నెత్తళ్ళని కారంలో కలిపి, మక్‌గొల్లి అనే బియ్యపు కల్లు గిన్నెలు పెట్టారు. పని చేసినవాడూ చెయ్యనివాడూ అందరూ అక్కడే చేరారు. వీళ్ళలో బేక్ ఉన్నాడు. ఏ వేషంలో ఉన్నాడో దేవుడికెరుక.

పియో ఒక్కొక్కరినీ చూశాడు. బుట్టలు మోసేవాడు? ఐసు కొట్టేవాడు? వల కుట్టుకుంటున్న ముసలాయనా? అందరూ అనుమానంగానే కనిపించారు. ఆఖరి బోటు మీద నారింజరంగు వానకోటు ఒకటి కదిలింది. ఇంజన్ సిద్ధంగా కొట్టుకుంటోంది.

మేంగ్ పట్టా అంచున నిలబడి ఉన్నాడు. బేడీలతో యూ-బిన్ నడిచి రావడం చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. "బతికుండగా తెచ్చావా?"

"రానంటే కదా సార్ తేవద్దన్నారు. రమ్మంటే వచ్చాడు."

మేంగ్ పళ్ళు నూరాడు. వల దులిపే ఆడమనిషి ఒకతె, మోచేతుల దాకా పొలుసులతో, వాళ్ళని చూసి కేకేసింది. "కోటాయనా! ఊరికే నిలబడతారేం? రేవుకొచ్చి గిన్నె ముట్టకపోతే వల ఎండిపోతుంది. కూర్చోండి!"

"అవును సార్, కూర్చోండి," అన్నాడు పియో. "కేసు ముగిసింది. మీ చేత్తో అందరికీ పోయండి, పుణ్యం."

అందరూ చప్పట్లు కొట్టారు. కాదనడానికి వీల్లేక మేంగ్ మక్‌గొల్లి కెటిల్ అందుకున్నాడు. ఒక్కొక్కరికీ పోస్తూ వెళ్ళాడు. బుట్టలవాడు గిన్నె ఎత్తి తల పక్కకి తిప్పి తాగాడు. ముప్పై ఏళ్ళవాడు, న్యాయమే. ఐసువాడూ తిప్పాడు. అతనికీ నలభై దాటలేదు. ఆడమనిషి ఎదురుగానే తాగి మూతి తుడుచుకుంది.

వల కుట్టుకునే ముసలాయన వంతు వచ్చింది. తెల్ల కనుబొమలు, ముడతల చర్మం, వంగిన నడుం. డెబ్బై అయిదుకి తక్కువుండవు. ఖళ్ళు ఖళ్ళున దగ్గుతూ, గిన్నెని రెండు చేతులా అందుకున్నాడు. తల వంచాడు. మోచెయ్యి లేచింది. ముఖం సముద్రం వైపు తిరిగింది.

ఆడమనిషి పకపకా నవ్వింది. "ఓ తాతా! నీ కొడుకు వయసు కోటాయనది. వాడి ముందు తల తిప్పుతావేం, కొత్త కోడల్లా?"

రేవంతా గొల్లుమంది. ముసలాయన చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుంది. మేంగ్ ముఖంలో రక్తం లేదు. కంగారులో ఆయనే తొందరపడ్డాడు. జేబులోంచి వెండి డబ్బీ తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.

"దగ్గు బాగా ఉన్నట్టుంది తాతా. ఇది వేసుకో. డబ్బీ నువ్వే ఉంచుకో."

పియో ముందుకి వంగాడు. "సార్, నాకూ పొద్దున్నుంచీ దగ్గు. ఇన్నేళ్ళలో నాకు ఒక్క గింజ పెట్టలేదు. ఇవాళ డబ్బీకి డబ్బీయే దానమా?"

ముసలాయన నడుం నిటారుగా లేచింది. వల తన్నేసి, బోటు వైపు పాతికేళ్ళ కుర్రాడిలా పరిగెత్తాడు. మేంగ్ పిస్తోలు తీశాడు. గొట్టం పియో ఛాతీ మీదికి లేచింది. పక్కనే ఉన్న యూ-బిన్ తాళం లేని బేడీలు విదిలించి ఆ మణికట్టు మీద కొట్టాడు. తూటా గాల్లోకి పోయింది. మక్‌గొల్లి కెటిల్ దొర్లింది, జనం కకావికలయ్యారు.

బేక్ బోటు మీదికి దూకాడు. "పోనీ! పోనీ!" అని అరిచాడు.

ఇంజన్ ఆగిపోయింది. నారింజరంగు వానకోటులోంచి ఛే-రిన్ చెయ్యి బయటికొచ్చింది. చేతిలో బోటు తాళం, రెండో చేతిలో పిస్తోలు. "ముళ్ళున్న చేపండీ," అంది తియ్యగా.

బేక్ పళ్ళు కొరికి డబ్బీని సముద్రం మీదికి బలంగా విసిరాడు. అది వెండిగా మెరుస్తూ గాల్లో తిరిగింది. మూత ఊడింది. పియో ఆశ వదిలేశాడు.

"దులపండ్రా!" అని కేకేసింది ఆడమనిషి. అలవాటైన చేతులన్నీ ఒక్కసారి వలని పైకి విసిరాయి. గాల్లో వల, దాని నిండా నెత్తళ్ళు, వాటి మధ్య వెండి గోళీల వాన. గోళీలు కన్నాల్లోంచి జారి సముద్రంలో కలిశాయి. గోరంత చిప్ ఒకటి, చేప మొప్పకి అతుక్కుని, వలలోనే ఉండిపోయింది.

*

మేంగ్‌కి ఈసారి తాళం వేసే బేడీలు తగిలించారు. వ్యాను ఎక్కబోతూ ఆగాడు. బేక్, మేంగ్ పాత రోజుల్లో ఒకే కమాండో యూనిట్‌లో పనిచేశారని అప్పటికే తేలింది. మేంగ్ కెప్టెన్, బేక్ అతని కింద కుర్ర సార్జెంటు.

"ఒక్కటి చెప్పు, పియో," అన్నాడు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "ఆ దిక్కుమాలిన వీడియోలో ముక్కూ మూతీ లేవు. నేనే వందసార్లు చూసుకున్నాను, నిశ్చింతగా నిద్రపోయాను. నన్నెలా పట్టావు?"

పియో యూ-బిన్ వైపు చూశాడు. వాడు గట్టు మీద కూర్చుని, ఎవరో పెట్టిన నెత్తళ్ళ కారం ఆవురావురుమని తింటున్నాడు. ఆకలి తిరిగొచ్చింది. అది చూసి పియోకి కడుపు నిండింది.

"మా కెమెరా నాసిరకమే సార్," అన్నాడు వ్యాను తలుపు వేస్తూ. "బేక్‌ని వాళ్ళమ్మ మాత్రం బాగా పెంచింది."